కొత్త కన్సోల్ మీద మన కార్ల ఆట

అన్నయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ ఉత్తరం నీకు అందదని తెలుసు. కానీ ఈ సంగతి నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ఉక్కునగరం క్వార్టర్‌లో నువ్వు షిఫ్టు దిగి వచ్చాక మనిద్దరం టీవీలో ఆడిన కార్ల రేసు వీడియో గేమ్ ఉంది కదా. దాని కన్సోల్ తయారీ ఆపేశారని తెలిసిన రోజు, "ఇంక మన ఆట అయిపోయినట్టేరా" అని దిగులుపడ్డావు. అయిపోలేదు. వేరే కంపెనీ కన్సోల్ మీద దాని కొత్త భాగం వచ్చింది. మొన్ననే కొన్నాను.

ఆదివారం వదిన భీమిలి నుంచి వచ్చింది. నువ్వు పోయాక పుట్టింటి గడప దాటడం ఇదే మొదలు. టీవీలో ఆట చూసి నిలబడిపోయింది. నేను ఆపేయబోయాను.

"ఆపకు మరిదీ. మీ అన్న దీన్లో అంతసేపు ఏటి సూసేవోడో నానూ సూత్తాను" అంది.

కంట్రోలర్ చేతికిచ్చాను. మొదటి మలుపులోనే కారును గోడకు గుద్దింది. రెండోసారీ అంతే. మూడోసారి గుద్దినప్పుడు పకపకా నవ్వేసింది. చివరికి అందరికంటే వెనక రేసు ముగించింది. ఆడినవాళ్ల పేరు కొట్టమని టీవీలో అడిగితే నీ పేరు కొడుతుందనుకున్నాను.

"నడిపింది నాను గదా" అని తన పేరే కొట్టింది.

వచ్చే ఆదివారం కూడా వస్తానంది.

నీ తమ్ముడు