ఉల్లంకి ఇంటి గురించీ, ఆ అరగంట గురించీ

నేను, వీబ్కె రోర్డెన్, కీర్తిశేషుడు ఫోల్కెర్ట్ రోర్డెన్ భార్యను, అమ్రుమ్ దీవిలోని నోర్డార్ఫ్ వాస్తవ్యురాలిని, వయసు డెబ్బై ఆరు, స్థిరమైన బుద్ధితో, ఎవరి బలవంతమూ బోధనా లేకుండా, నా చేతిరాతతోనే ఈ వీలునామా రాస్తున్నాను. బుద్ధి స్థిరంగానే ఉంది. నిలకడ లేనివి కాళ్ళు. ఈ నాలుగు ముక్కలు రాసేలోపు మూడుసార్లు లేచి కిటికీ దాకా పోయి వచ్చాను. ఇంతకుముందు రాసిన వీలునామాలు రెండూ ఇందుమూలంగా రద్దు. వాటిలో అబద్ధం లేదు, నిజమూ లేదు.

1. గుమ్మం మీద 'ఉల్లంకి ఇల్లు' అని తీరపు పిట్ట పేరు రాసి ఉన్న నా నివాసగృహం, గడ్డికప్పు, ఆరు అతిథి గదులు, వెనక షెడ్డు, గులాబీ కంచెతో సహా, నా బావగారు ఓకె రోర్డెన్ కూతురు మారెట్‌కు సర్వహక్కులతో చెందవలసినది. మారెట్ ఈ దీవి బస్సు నడుపుతుంది. ఎవరిని ఎక్కడ దించాలో తెలిసిన ఆ పిల్లకు తాను దిగడానికి చోటు లేదు. వాళ్ళ నాన్న తన ఇల్లు హాంబుర్గ్ దంతవైద్యుడొకడికి అమ్మేశాడు. చలికాలమంతా ఎవరిదో అటక గదిలో ఉంటుంది. ఈస్టర్ రాగానే సెలవులకొచ్చేవాళ్ళ కోసం ఆ గది ఖాళీ చేసి, స్నేహితురాళ్ళ సోఫాల మీద పడుకుంటుంది. "పుట్టిన ఊళ్ళో సీజనొస్తే నాకే గది దొరకదు పిన్నీ" అని నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

షరతు ఒకటే. ఏడాదికి మూడు వారాలు వచ్చిపోయేవాళ్ళకు ఈ ఇల్లు అమ్మరాదు. మా వీధిలో ఇళ్ళు పద్నాలుగు. జనవరిలో దీపం వెలిగేవి మూడు.

2. సముద్రతీరాన అద్దెకు తిప్పే పదకొండు గూడు కుర్చీలు, పేము అల్లికవి, రొట్టెల దుకాణం బ్రార్ యెన్సెన్‌కు. ఏడో నంబరు కుర్చీలో కూర్చున్న జంటలు విడిపోతాయని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆ పుకారు పుట్టించింది నేనే. దాని పేము బద్దలు విరిగాయి, బాగుచేయించే ఓపిక లేకపోయింది. ఈ వీలునామాను అమలుజరిపే బాధ్యత కూడా బ్రార్‌దే.

3. ఈ అంశంలో మొదట 'ఓకెకు నా ఇంటినుంచి చీపురుపుల్ల కూడా పోరాదు' అని రాశాను. కొట్టేశాను. ఎందుకు కొట్టేశానో తెలియాలంటే నాలుగోది చదవాలి.

4. కాసెల్ పట్టణవాసి గుడ్రున్ వీగాండ్‌కు ఈ ఇంటి రెండో నంబరు గది, ఆమె బతికున్నంతకాలం, ఎప్పుడొచ్చినా, ఎన్నాళ్ళున్నా. మారెట్ దీనికి అడ్డుచెప్పరాదు.

కారణం ఇది. 1979 ఆగస్టులో ఒక శనివారం నా భర్త పన్నెండుమంది అతిథులను వెంటబెట్టుకుని, సముద్రం వెనక్కి తగ్గిన ఆటువేళ బయటపడే బురదనేల మీదుగా ఫ్యోర్ దీవికి నడిపించుకు వెళ్ళాడు. అది ఆయన వృత్తి. మా ఇద్దరికీ ఒక ఒప్పందం ఉండేది: ఒడ్డున పొగమంచు పడితే నేను పెరట్లో ఉన్న బూర పిడి తిప్పాలి. ఆ మోత వింటే ఆయన అందర్నీ వెనక్కి తిప్పుతాడు.

ఆ పొద్దున గది ఖాళీ చేసిన ఒకావిడ తన పట్టుగౌను నాకు వదిలి వెళ్ళింది. "మీకు బాగుంటుంది, ఉంచుకోండి" అంది. నాకప్పుడు ముప్ఫై రెండేళ్ళు. తొమ్మిది వేసవులుగా ఒంటిమీద ఏప్రను తప్ప మరొకటి ఎరగను. మేడమీదికి వెళ్ళి గడియ పెట్టి, తెర లాగి, గౌను వేసుకుని అద్దం ముందు నిలబడ్డాను. ఇటు తిరిగాను, అటు తిరిగాను. జుట్టు పైకెత్తి చూశాను, వదిలేసి చూశాను. తెర తీసేసరికి మంచులో కంచె కనబడలేదు. అరగంట గడిచింది. ఆ గౌనుతోనే పరుగెత్తి, అరచేతులు చిట్లిపోయేదాకా పిడి తిప్పాను.

బూర మోగలేదు గనక ఒడ్డున మంచు లేదు, ఇది తేలిపోయే మంచుతెర అనుకుని ఫోల్కెర్ట్ ముందుకే నడిచాడు. మోత వినబడేసరికి వాళ్ళు పెద్ద కాలవ అంచున ఉన్నారు, పోటు మొదలైంది. ఒకే తాడు పట్టుకుని పదకొండుమంది ఆయనతో తిరిగొచ్చారు. వరసలో చివరివాడు రైనర్ వీగాండ్, గుడ్రున్ తమ్ముడు, ఇరవై నాలుగేళ్ళవాడు, రెండు రోజుల తర్వాత ఇసుకతిన్నె మీద దొరికాడు.

విచారణలో నేను "మంచు పడగానే బూర మోగించాను" అన్నాను. ఫోల్కెర్ట్ నా వైపు చూశాడు. తర్వాత, "తప్పు నాదేనండి. ఆకాశం చూసుకోలేదు" అన్నాడు. ఓకె ఊరంతా తిరిగి, "మా తమ్ముడికి ఆకాశం చదవడం రాదు, అతిథుల మొహాలు చదవడమే వచ్చు" అన్నాడు. ఆ రోజు నుంచి నేనతన్ని గడప తొక్కనివ్వలేదు. అన్నదమ్ములు మళ్ళీ మాట్లాడుకోలేదు. ఫోల్కెర్ట్ మళ్ళీ బురదలో అడుగుపెట్టలేదు, కుర్చీలు అద్దెకు తిప్పుకుంటూ ఇరవై ఆరేళ్ళు బతికాడు. నన్ను ఒక్కమాట అడగలేదు. అడిగితే చెప్పేసేదాన్ని. అడగకపోవడం దయో శిక్షో నాకు ఇప్పటికీ తెలియదు.

మరుసటి ఏడు సెప్టెంబరులో గుడ్రున్ పూలు పట్టుకుని వచ్చింది. ఆ నేల కనబడుతుందని రెండో నంబరు గది అడిగింది. అప్పట్నుంచి ప్రతి సెప్టెంబరూ వస్తోంది. వంటింట్లో కూర్చుని ఇద్దరం రొయ్యలు ఒలుస్తాం, కలకండ వేసుకుని టీ తాగుతాం. ఫోల్కెర్ట్ సమాధి దగ్గర నా చెయ్యి పట్టుకుని, "నీ మొగుడు మంచివాడు వీబ్కె. తప్పు చేశాడు గానీ మంచివాడు" అంది. నేను ఆ చెయ్యి పట్టుకునే ఉన్నాను.

నా తదనంతరం, ఫిబ్రవరి మంటల పండుగ నాడు, బ్రార్ ఈ అంశాన్ని ఊరందరి ముందు చదవాలని ఇక్కడ రాశాను. రాసి, లేచి, ఇసుకలో దీపస్తంభం కనబడేదాకా నడిచి, తిరిగొచ్చి చదువుకున్నాను. చచ్చినవాళ్ళను ఎవరూ ఎదురు ప్రశ్న అడగలేరు. నేను కోరుకున్నది అదే. ఆ వాక్యం కొట్టేశాను. ఇది సెప్టెంబరు. గుడ్రున్ పైన రెండో గదిలోనే ఉంది. కలం మూత పెట్టి మెట్లెక్కాను.

5. ఇది రాస్తున్నది తొమ్మిది రోజుల తర్వాత.

చెప్పాను. అంతా విని ఆమె, "ఆ అరగంట నువ్వేం చేస్తున్నావు?" అంది. అద్దం సంగతి చెప్పాను.

"గౌను ఏ రంగు?"

"ఆకుపచ్చ."

ఆమె కిటికీ వైపు తిరిగింది. "ముప్ఫై రెండేళ్ళ ఆడది అద్దం ముందు నిలబడితే తప్పేముందే? నలభై నాలుగు సెప్టెంబర్లు నా ఎదురుగా కూర్చుని రొయ్యలు ఒలిచావు చూడు, అది తప్పు. ఆయన సమాధి దగ్గర నాచేత ఆయన్ని తప్పు పట్టించావు. ఊరుకున్నావు!" అంది. పెట్టె సర్దుకుని ఊరి అవతలి చివర వేరే బసకు పోయింది.

ఇంట్లో కూర్చోలేకపోయాను. మర్నాడు పడవెక్కి ఫ్యోర్‌కు, ఓకె ఉంటున్న వృద్ధుల ఇంటికి వెళ్ళాను. ఎనభై ఆరేళ్ళ మనిషి. చెవి మిషన్ సర్దుకుని విన్నాడు. "ఈ ముక్క అప్పుడే చెప్పి ఉంటే నేను వాడితో మాట్లాడేవాణ్ణి కదమ్మా" అన్నాడు. చేతిగుడ్డ కోసం జేబులన్నీ వెతుక్కున్నాడు. అన్నేళ్ళూ నేను ఓకె మీద కోపం మోశాను. దించడానికి ఒక్క వాక్యం చాలేది, అది నా దగ్గరే ఉండింది.

కాబట్టి మూడో అంశం ఇలా చదువుకోవలసినది: ఫోల్కెర్ట్ గోడ మీది వాయుభారమాపకం, అన్నదమ్ములిద్దరూ ఒకే పడవ తెడ్డు పట్టుకుని దిగిన ఫోటో, ఓకె రోర్డెన్‌కు, నా క్షమాపణతో.

తిరుగు బస్సు మారెట్టే నడుపుతోంది. డ్రైవరు సీటు వెనక నిలబడి ఆమెకూ చెప్పాను. బస్సు నిండా మా ఊరివాళ్ళే. మారెట్ దారి వంపులో బస్సాపింది. "పిన్నీ, కూర్చో. నిలబడి చెప్పే మాటలు కావివి" అంది. బస్సు కంటే ముందే కబురు ఊరు చేరింది. రొట్టెల దుకాణంలో కొందరు నాతో మాట్లాడటం మానేశారు. న్యాయమే.

6. ఫోల్కెర్ట్ సమాధిరాయి మీద పేరూ తేదీలూ తప్ప ఏమీ లేవు. వాటి కింద 'పదకొండుమందిని వెనక్కి తెచ్చినవాడు' అని చెక్కమని రాతిపనివాడికి పురమాయించాను. నేనుండగా పూర్తికాకపోతే బ్రార్ చూసుకోవాలి. నన్ను ఆయన పక్కనే పెట్టండి. నా పేరు కింద ఏమీ రాయవద్దు.

7. నాలుగో అంశం, గుడ్రున్ మళ్ళీ వచ్చినా రాకపోయినా, మారదు. నిన్న ఆమె పెరటి గుమ్మంలోంచి వచ్చి, "దువ్వెన మర్చిపోయాను" అని పైకి వెళ్ళింది. గంటసేపు దిగలేదు. కింద నేను టీ రెండుసార్లు కాచాను, రెండుసార్లూ పారబోశాను. దిగాక ఈ కాగితాలు చేతికిచ్చాను. చదువుకుంటానని పట్టుకుపోయి, ఈ పొద్దున తెచ్చిచ్చింది.

ఇలా చేతిరాతతో రాసినదానికి మా చట్టం సాక్షులను అడగదు. నేను అడుగుతున్నాను. ఒకసారి సాక్షులు లేకుండా మాట్లాడి ఏం చేశానో పైన రాసే ఉంది.

నోర్డార్ఫ్, 2023 సెప్టెంబరు 26.

(సంతకం) వీబ్కె రోర్డెన్

సాక్షులు:

బ్రార్ యెన్సెన్, రొట్టెల దుకాణం, నోర్డార్ఫ్.

గుడ్రున్ వీగాండ్, కాసెల్. అంతా చదివాను. గది నాకు సమ్మతమే. క్షమించానని ఎవరూ అనుకోవద్దు. వచ్చే ఏడు సెప్టెంబరు మూడో తేదీన వస్తాను, వీబ్కె ఇంట్లోనే ఉండాలి.