టీవీ గోడకు మేకు

సుజాతకు, బెంగళూరు ఆసుపత్రి నుంచి నీ భర్త ఆశీస్సులు. నొప్పి కాస్త తగ్గింది, గంజి సహిస్తోంది. ఫోనులో ఈ మాట ఎత్తితే నువ్వు ఏడ్చి పెట్టేస్తావు, అందుకే కార్డు. పోస్టుమాన్ చదివితే చదవనీ.

పేరేసంద్రలో మీ చిన్నాయన కర్మాంతరం నాడు, ఆయన ఫొటో తగిలించాలని కొడుకు మోహన్ హాలు గోడకు మేకు కొట్టాడు. అది లోపలి వైరులో దిగింది. షాకు కొట్టి కుర్చీ మీంచి పడ్డాడు, చెయ్యి విరిగింది. "వైరు యాడ పోయిండాదో మా నాయనకొక్కడికే తెల్సు బావా" అన్నాడు నాతో.

మన ఇంట్లోనూ అంతే. "టీవీనే లేదు, గోడంతా కొట్టేదెందుకు" అని నువ్వు అంటున్నా వినకుండా, రేపు కొన్నప్పుడు వైరు వేలాడకూడదని గోడ తొలిచి, పైపు పూడ్చి, సిమెంటు మెత్తేశాను. స్విచ్చుబోర్డు నుంచి నిలువుగా నా తల ఎత్తు దాకా, అక్కడి నుంచి అడ్డంగా కిటికీ దాకా వైరు ఉంది. అందులో కరెంటు కూడా ఉంది, జాగ్రత్త.

శనక్కాయ చేనులో కలుపు తీయించావా? వినుత పరీక్షలు ఎట్లా రాసింది? వచ్చేటప్పుడు పాత దుప్పటి తీసుకురా, ఇక్కడ చలి.

ఇక మందులు పనిచేయవని డాక్టరు చెప్పేశాడు. నా ఫొటోకి మేకు తలుపు పక్క గోడకు కొట్టించు, అందులో వైరు లేదు. ఏడాది గడిచేదాకా కొత్త వస్తువు కొనకూడదని మీ అక్క అంటుంది. ఆమె మాట విని టీవీ కొనడం ఆపొద్దు. నేను ఎదురుగోడకే ఉంటాను.

వినుతకు దీవెనలు.

గంగాధరప్ప