తెర మీద ఐదు చుక్కలు

మీకు నమస్కారాలు. దేవుడి దయవల్ల ఇక్కడ నేనూ అమ్మాయీ తిని తిరుగుతున్నాం. మీరు దగ్గు మందు మానకుండా వేసుకుంటున్నారనే అనుకుంటున్నాను.

నా మోకాలి సంగతి అడిగారు. మెట్లు దిగేటప్పుడే నొప్పి. అమ్మాయి కాలేజీలో గొడవేమిటని కూడా అడిగారు. అది రాయడానికే మూడు రోజులుగా కూర్చుని లేస్తున్నాను.

అమ్మాయి కంప్యూటర్ భద్రత పాఠం చెబుతుంది కదా. సొంతంగా పరిశోధిస్తేనే వంటబడుతుందని పిల్లలకు బొమ్మ తాళాల పని అప్పగించింది. బొమ్మ తాళమంటే అక్షరాల్లేని పాస్‌వర్డ్. తెర నిండా ఒక వంటగది ఫోటో. అందులో ఐదు చోట్లు ఎంచుకుని నొక్కాలి, వారం తర్వాత వచ్చి మళ్లీ అవే నొక్కాలి. నేను క్యారేజీ ఇవ్వడానికి వెళ్తే, "పెద్దవాళ్లు దొరకట్లేదు, మీరు కూర్చోండి ఆంటీ. మర్చిపోయినా మార్కులు కొయ్యంలెండి" అని నవ్వింది వాళ్లలో ఒక కళ్లజోడు పిల్ల.

నా తర్వాత నలభై మంది వచ్చారు. దాదాపు అందరూ అవే చోట్లు నొక్కారట. మనుషులంతా ఒకేలా ఎంచుకుంటారు, దొంగకిది సులువు అని పిల్లలు వ్యాసం రాశారు. వేరే కాలేజీవాళ్లు అదే ఫోటోతో చేస్తే అలా రాలేదు. మనవాళ్లు ఫలితాలు కల్పించారని ఫిర్యాదు చేశారు.

మీ దగ్గర దాచిందొకటుంది. ఏడాదిగా నాకు మతిమరుపు. రోజూ చేసే ప్రార్థనే మధ్యలో ఆగిపోతోంది. ఇక తగ్గదన్నాడు డాక్టరు. ఆ రోజు గుర్తుండదన్న భయంతో, ఆ పిల్ల అటు తిరిగినప్పుడు, నొక్కిన చోటల్లా తెర మీద పెన్నుతో సూదిమొనంత చుక్క పెట్టాను. మిగతావాళ్లూ ఆ కంప్యూటర్ ముందే కూర్చుంటారని తోచలేదు. వాళ్ల చూపు చుక్కల మీదికే పోయుంటుంది. వారం తర్వాత వెళ్లి మళ్లీ నొక్కాక నేనే తడిగుడ్డతో తుడిచేశాను.

మొన్న ఆ ఫిర్యాదు మీద కాలేజీలో పెట్టిన విచారణకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. అక్కడి పెద్దాయన ఆ ఫోటోనే తెర మీద పెట్టించి, "ఎక్కడ పెట్టారో చూపించండమ్మా" అన్నాడు.

చూశాను. అల్మారా, గరిటెలు, కిటికీ. ఒక్కటీ తట్టలేదు.

"కన్నతల్లి కదా, ఏదో ఒకటి చెబుతారు. ఇంటికెళ్లండి" అన్నాడు, మెత్తగానే.

బస్సులో అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నిజంగా నువ్వేనా? నాకోసం కథ అల్లావా?"

"నేనే తల్లీ."

"సరేలే" అంది. నమ్మలేదు.

నిన్న కాగితం వచ్చింది. అమ్మాయి ఉద్యోగం పోయింది. పిల్లల వ్యాసం కొట్టేశారు.

ఈ ఉత్తరం చింపకండి. కొన్నాళ్లు పోయాక మీరే అడిగినా, నేనలాంటి పని చెయ్యలేదంటానేమో.

ఇట్లు,
మీ ఇంటావిడ