పాలు పొంగని ఇల్లు

రాప్తాడు, సోమవారం

గౌరవనీయులైన చంద్రిక మేడమ్ గారికి మార్కండేయ నమస్కారాలు పెట్టి, కాస్త సిగ్గుపడుతూ రాస్తున్న ఉత్తరం.

ఊతం ఇల్లు వదిలి సొంతంగా బతకబోయేవాళ్లు మూడు నెలలపాటు వారానికో ఉత్తరం రాసి తామే పోస్టు చేయాలని మీరు పెట్టిన నియమం ప్రకారం ఇది మొదటిది. ఫోన్‌లో అయితే అందరూ "బాగున్నా మేడమ్" అని పెట్టేస్తారని మీ అనుమానం. నేనైతే అదే అనేవాణ్ణి.

గది బాగుంది. హనుమక్క అనే ఆమె ఇంటి వెనక భాగం. మూలన వంటకు చోటుంది, బయట రేకుల బాత్రూము ఉంది, నాలుగు రోజులకోసారి కొళాయి వస్తుంది. చీరల గోడౌన్‌లో మడతలు పెట్టే పనికి నడిచే పోతున్నాను. మాత్రలు వేళకు వేసుకుంటున్నాను.

తలుపుకు లోపల గడియ ఉంది. మనసుకు జబ్బు చేసి మీ దగ్గరికి వచ్చిన రోజు నుంచి తొమ్మిదేళ్లు లోపలి గడియ లేని తలుపుల వెనక పడుకున్నవాణ్ణి కదా, మొదటి రోజు వేసి తీసి, వేసి తీసి చూశాను. "ఏమప్పా, గడియ ఇరగ్గొట్టి పోతావా ఏమి" అని హనుమక్క బయట నుంచి కేకేసింది. పొద్దున ఆరుకు మన గంట మోగుతుందని మంచం మీదే కూర్చుని ఎదురుచూశాను. ఏడయ్యాక అర్థమైంది, ఇక్కడ గంట కొట్టేవాళ్లు లేరని.

ఒక మాట అడగాలి, అడగడానికి ముఖం చెల్లడం లేదు. ఈ శుక్రవారం మీరొకసారి వచ్చి, నా గదిలో పాలు కాచి పోతారా? మీరు కాస్తేనే బాగుంటుంది. ఎందుకని మాత్రం అడక్కండి.

ఇట్లు,
మీ విధేయుడు,
మార్కండేయ

తా.క.: మీరిచ్చిన ఫారంలో "ఇరుగుపొరుగుతో సంబంధాలు" అనే గడి ఉంది. ప్రస్తుతానికి హనుమక్క ఎనుము ఒకటి నన్ను చూసి అరవడం మానేసింది. రాయవచ్చా?


అనంతపురం, బుధవారం

మార్కండేయ గారికి, ఊతం ఇంటి సూపర్‌వైజర్ చంద్రిక రాస్తున్నది.

మీ ఉత్తరం చేరింది. దస్తూరి బాగుంది.

పాలు కాయడానికి నేను రావడమేమిటి? వంట పరీక్షలో మీకు పదికి తొమ్మిది వచ్చాయి. పోయిన ఒక్క మార్కూ పెరుగు తోడుపెట్టడంలో పోయింది, పాలలో కాదు. మళ్లీ చెబుతున్నాను, గుర్తుంచుకోండి. గిన్నె శుభ్రంగా కడగండి. మంట చిన్నది పెట్టండి. పక్కనే నిలబడండి, పేపరు చదవకండి. మీగడ పైకి లేవగానే కట్టేయండి. ఎట్టి పరిస్థితుల్లోనూ పొంగనివ్వకండి. ఓబిలేష్ ఒక్కసారి పొంగించినందుకు ఆ స్టవ్ కడగడానికి మాకు ఒక పూట పట్టింది.

మీ నాలుగో నంబరు మంచం మూడు నెలలు ఖాళీగానే ఉంచుతాం. మీకు దాని అవసరం రాకూడదనే నా కోరిక. కానీ మీ వంట మీరే చేసుకుంటున్నారని రూఢి కాకపోతే నియమం ప్రకారం వెనక్కి పిలిపించాల్సి వస్తుంది. ఇది బెదిరింపు కాదు, సమాచారం.

ఇట్లు,
చంద్రిక, సూపర్‌వైజర్

తా.క.: గేదెను ఇరుగుపొరుగు కింద రాయకండి. పై అధికారులు చదువుతారు.


రాప్తాడు, ఆదివారం

చంద్రిక మేడమ్ గారికి, పోయినవారం కంటే ఎక్కువ సిగ్గుతో మార్కండేయ నమస్కారాలు.

మీరు చెప్పింది చెప్పినట్టు చేశాను. చిక్కంతా దానివల్లే వచ్చింది.

శుక్రవారం పొద్దున హనుమక్క కొత్త గిన్నెకు పసుపు కుంకుమ పెట్టి, ఎనుము పాలు పోసి ఇచ్చింది. పక్కిళ్ల నుంచి నలుగురు ఆడవాళ్లు కూడా వచ్చారు. కొత్తగా చేరిన ఇంట్లో ఆడబిడ్డ వచ్చి పాలు పొంగిస్తేనే పొయ్యి వెలగాలని ఆమె పట్టు. మీ కోసం బస్సు వేళ దాకా చూసి, వేళ మించిపోతోందని "సరే, ఇంగ నువ్వే కానీ" అన్నది. నేను మంట చిన్నది పెట్టాను. పక్కనే నిలబడ్డాను. మీగడ లేచింది. నలుగురూ చేతులు జోడించారు. అప్పుడు నా చెయ్యి నన్ను అడక్కుండానే స్టవ్ కట్టేసింది. పాలు గిన్నె అంచు దాకా వచ్చి, కిందికి దిగిపోయాయి.

నలుగురూ జోడించిన చేతులు దించేశారు. తరువాత హనుమక్క, "ఏమప్పా, పొంగే పాలకు అడ్డం పడితివే" అన్నది. ఇక నా చేతితో లాభం లేదట. ఆడబిడ్డ వచ్చి పొంగించేదాకా ఆ స్టవ్ మీద అన్నం వండకూడదట. మూడు రోజులుగా ఆమే సంగటి పంపిస్తోంది. ముందు వద్దంటాను, తరువాత సిగ్గు లేకుండా తింటాను. "సొంత వంట" గడిలో గీత పెట్టాను. అబద్ధం రాయలేను.

ఆడవాళ్ల చెయ్యి పడితేనే ఈ పొయ్యి వెలుగుతుంది మేడమ్. మీరొక్కసారి రండి. నాకు అడగడానికి ఇంకెవరూ లేరు.

ఇట్లు,
మార్కండేయ

తా.క.: పొంగని ఆ పాలతో హనుమక్క టీ పెట్టి అందరికీ పోసింది. టీ బాగుందన్నారు, శకునం బాగాలేదన్నారు.


అనంతపురం, మంగళవారం

మార్కండేయ గారికి,

ఆడవాళ్ల చెయ్యి పడితేనే పొయ్యి వెలుగుతుందా? తొమ్మిదేళ్లు మా దగ్గర ఉండి మీరు నేర్చుకున్నది ఇదేనా? ఇక్కడ గంగాధరప్ప గారు అరవై రెండేళ్ల వయసులో చపాతీ గుండ్రంగా చేయడం నేర్చుకున్నారు. ఇప్పుడు ఆయన చేసినవి తప్ప ఎవరూ తినడం లేదు.

నాకు తోచింది ఒక్కటే. ఒంటరిగా ఉండేసరికి మీకు మంటంటే భయం పట్టుకున్నట్టుంది. అలాంటి భయం ఉంటే చెప్పుకోవడంలో తప్పు లేదు. ఆ నెపం హనుమక్క మీద, పాల మీద, శకునం మీద పెట్టకండి. ఈ ఉత్తరం తెస్తున్న మన ఆఫీసు తిప్పేష్ మీ గది చూసి, మీ చేత కనీసం అన్నం వండించి, నాకు రిపోర్టు ఇస్తాడు.

నేను ఈ నెల రాలేను, తనిఖీ ఉంది. వచ్చే నెలా రాలేను.

ఇట్లు,
చంద్రిక, సూపర్‌వైజర్

తా.క.: తిప్పేష్‌కు అక్కడ ఏమీ తినడానికి పెట్టకండి. తిన్నచోటల్లా మంచి రిపోర్టు రాస్తాడు.


అనంతపురం, శుక్రవారం

మార్కండేయ గారికి,

మీ జవాబు కోసం ఆగకుండా రాస్తున్నాను. తిప్పేష్ వచ్చాడు. వాడి రిపోర్టు పూర్తిగా ఇది: "ఓళిగలు ఎనిమిది. నెయ్యి కూడా. మనిషి బాగున్నాడు." స్టవ్ ముట్టించారా అని అడిగితే, ఆ ఇంటామె ముట్టించనివ్వలేదన్నాడు.

దాని తరువాత చెప్పినది రెండుసార్లు చెప్పించుకుని విన్నాను. ఆమె వాణ్ణి గుమ్మంలోనే ఆపి, "నువ్వేనా మా మార్కండేయ బావవి?" అని కాళ్లకు నీళ్లిచ్చిందట. వాడు కాదనలోపే పూర్ణం నిండిన ఓళిగ విస్తట్లో పడిందట. ఆ తరువాత కాదనలేదు. వచ్చేటప్పుడు "అక్కకియ్యి" అని సంచెడు శెనక్కాయలు పంపింది. మీరు రోజూ అక్క మాటే చెబుతారట. అక్క చెప్పులు వరసగా పెట్టమంటుందని, అక్క ఎనిమిదింటికి మాత్ర వేసుకోమంటుందని.

మీ ఫైలు తీశాను. అమ్మ, నాయన లేరు, తోడబుట్టినవాళ్లు లేరు అని మీ సంతకం కింద స్పష్టంగా ఉంది. మరి ఈ అక్క ఎవరు? ఆమె మాటలు మీకు వినిపిస్తున్నాయా? కనిపిస్తోందా? మాత్రలు ఎప్పటి నుంచి మానేశారు? నేను కోప్పడను. నిజం చెప్పండి చాలు.

డాక్టరు గారితో మాట్లాడాను. బుధవారం జీపు తీసుకుని నేనే వస్తున్నాను. బట్టలు సర్ది ఉంచుకోండి. నాలుగో నంబరు మంచానికి దుప్పటి మార్పించాను. మార్చేటప్పుడు నాకు ఏడుపొచ్చింది. మీరు నిలదొక్కుకుంటారని నేను అందరికీ చెప్పుకున్నాను.

ఇట్లు,
చంద్రిక

తా.క.: శెనక్కాయల సంచి విప్పలేదు. ఎవరికి పంపారో తేలకుండా తినలేం. తిప్పేష్‌కు మాత్రం ఆ పట్టింపు ఉన్నట్టు లేదు, సంచి రోజూ తేలికవుతోంది.


రాప్తాడు, ఆదివారం

చంద్రిక మేడమ్ గారికి, తల వంచుకుని రాస్తున్నాను.

మాత్ర ఒక్కటీ మానలేదు. ఖాళీ పట్టీలు ఈ కవరులోనే పెట్టాను, చూసుకోండి. నాకు ఏ గొంతూ వినిపించడం లేదు. ఆ అక్క ఉన్నది నిజమే. ఆ అక్క మీరే.

గది కోసం అనంతపురం నుంచి రాప్తాడు దాకా పదకొండు ఇళ్లు తిరిగాను. ఇన్నాళ్లూ ఎక్కడున్నావని అడిగేవాళ్లు. ఊతం ఇంట్లో అనేవాణ్ణి. దాంతో గది అప్పటికే ఎవరికో ఇచ్చేసి ఉండేవాళ్లు. ఒకాయన తాళంచెవి చేతిలో పట్టుకునే, తాళంచెవి పోయిందన్నాడు.

పన్నెండోది హనుమక్క ఇల్లు. "ఇన్నాళ్లూ యాడుండావప్పా" అన్నది. నా నోటి నుంచి "అక్క ఇంట్లో" అని వచ్చేసింది. బాగా చూసుకుందా అంటే చూసుకుందన్నాను. తిడుతుందా అంటే రోజూ అన్నాను. మరి ఎందుకు వచ్చేశావంటే, ఇక నీ కాళ్ల మీద నువ్వు నిలబడమని అక్కే పంపించిందన్నాను. "ఆ యక్క మంచిది" అని గది తాళం నా చేతిలో పెట్టింది. ఒక్క మాట తప్ప అంతా నిజమే చెప్పాను మేడమ్. ఆ ఒక్క మాట పాల దాకా, ఓళిగల దాకా పాకింది.

జబ్బు చేసినందుకు సిగ్గుపడడం నేను ఎప్పుడో మానేశాను. మీరే మాన్పించారు. నన్ను మనిషిని చేసిన ఇంటి పేరు చెప్పకుండా దాచాను చూడండి, దానికి సిగ్గుతో చచ్చిపోతున్నాను. అందుకే మిమ్మల్ని రమ్మన్నానే గాని, ఎందుకో రాయలేకపోయాను.

బట్టలు సర్దుకున్నాను. బుధవారం సాయంత్రం దాకా పని ఉంది, ఆ తరువాత జీపెక్కుతాను. హనుమక్కకు మాత్రం నేను చెప్పలేను. మీరే ఏదో ఒకటి చెప్పండి.

ఇట్లు,
మార్కండేయ

తా.క.: ఓళిగలు ఎనిమిది కాదు, పదకొండు. తిప్పేష్ వెళ్లాక హనుమక్క గిన్నె చూసి, "మీ బావ యాడో దూరం నుంచి నడిచొచ్చినట్టుండాడు" అన్నది.


రాప్తాడు, హనుమక్క అరుగు మీద నుంచి, బుధవారం మధ్యాహ్నం

మార్కండేయకు,

నువ్వు పని నుంచి వచ్చేసరికి ఈ ఉత్తరం నీ తలుపు సందులో ఉంటుంది. జీపు ఖాళీగానే వెనక్కి పోతుంది. బట్టలు మళ్లీ కొయ్యకు తగిలించు.

ముందు నా సంగతి చెప్పాలి. పాలు ఎందుకు కాయమన్నావో నీ మొదటి ఉత్తరంలోనే నాకు అర్థమైంది. నేనూ ఈ జిల్లాలో పుట్టినదాన్నే. కొత్త ఇంట్లో పాలు కాయడమంటే ఏమిటో నాకు తెలియదా? తెలిసే నీకు స్టవ్ పాఠం రాశాను.

మా ఆయన చనిపోయిన ఏడాదే మా తమ్ముడు శింగనమలలో ఇల్లు కట్టుకున్నాడు. పన్నెండేళ్లయింది. ఇంటికి పెద్ద ఆడబిడ్డనని తెల్లవారకముందే బస్సెక్కి పోయాను. పాలు పొంగేదాకా నన్ను వీధిలోనే, షామియానా తాళ్ల దగ్గర నిలబెట్టారు. మొగుడు లేని ఆడదాని చెయ్యి పొయ్యి మీద పడకూడదట. తరువాత లోపలికి పిలిచి భోజనం పెట్టారు. నేను తిన్నాను. నిలబెట్టినందుకు కాదు, తిన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గు.

అప్పటి నుంచి ఎవరి కొత్తింటికీ పోలేదు. నీ ఉత్తరం చూడగానే ఆ తాళ్లే గుర్తొచ్చాయి. నేను పనికిరానని నీకు రాయలేక, నీ వంట మీద నెపం పెట్టాను. మంటంటే భయమన్నాను. అక్క పేరు వినగానే నీ జబ్బు తిరగబెట్టిందని నిజంగానే హడలిపోయాను. కానీ ఆ మొదటి ఉత్తరానికే నిజం రాసి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. నా సిగ్గు దాచుకోవడానికి నీ గది ఊడగొట్టబోయాను. నువ్వు చెప్పిన ఒక్క మాట దీని ముందు ఎంత? నన్ను క్షమించు.

హనుమక్కకు అన్నీ చెప్పేశాను. నేను నీకు అక్కను కానని, నువ్వు తొమ్మిదేళ్లు ఎక్కడున్నావో, ఎందుకున్నావో చెప్పాను. ఆమె శెనక్కాయలు ఒలుస్తూనే విన్నది. "రోజూ ఎనిమిదింటికి మాత్ర మింగేది నేను సూడలేదా? నేనూ బీపీ మాత్ర అప్పుడే మింగుతా. ఇద్దరం ఒకే చెంబు నీళ్లు తాగుతాం" అన్నది. గది సంగతి ఎత్తలేదు. ఆమె లెక్కలో గది నీదే.

తరువాత నాకు మొగుడు లేడని చెప్పాను. అప్పుడు చేతిలో కాయ కింద పెట్టింది.

"పొంగేది పాలు. దానికి మొగుడితో ఏం పని?" అన్నది.

ఇన్నేళ్లుగా దానికి జవాబు ఉందనే అనుకుంటూ వచ్చాను.

మన నియమం ప్రకారం ఊతం ఇంట్లో పనిచేసేవాళ్లు అక్కడ ఉండేవాళ్లతో చుట్టరికం కలపకూడదు. అందుకని మూడు నెలలు నిండకుండానే నీ పేరు రిజిస్టరులో కొట్టేస్తున్నాను. నాలుగో నంబరు మంచం రేపటి నుంచి ఇంకొకరిది. నీకు ఇక వెనక్కి రావడానికి మంచం లేదు. చూడ్డానికి రావాలంటే ఎప్పుడైనా రా, గంగాధరప్ప చపాతీలు పెడతాడు.

శుక్రవారం మొదటి బస్సుకు వస్తాను. నువ్వు స్టవ్‌కు దూరంగా నిలబడు.

ఇట్లు,
మీ చంద్రికక్క

తా.క.: పాలు పొంగించిన అక్కకు తమ్ముడు చీర పెట్టాలని హనుమక్క గట్టిగా చెప్పింది. నేను వద్దని అంత గట్టిగా చెప్పలేదు. మీ గోడౌన్‌లో మడత నలిగి పక్కన పెట్టినదైనా ఫరవాలేదు. రంగు మాత్రం నువ్వే చూడు. పన్నెండేళ్లుగా బూడిదరంగు, గోధుమరంగు తప్ప ఏమీ కట్టలేదు, షాపుకు పోతే నా చెయ్యి వాటి మీదికే పోతుంది.