వాసెన గుడ్డలో ఉంగరం

జహనుమా,
ఏప్రిల్ పన్నెండు, ఆదివారం.

చిరంజీవి హరిప్రియకు నాన్న దీవించి రాస్తున్నది.

ఇక్కడ మీ అమ్మా నేనూ కులాసా. కులాసా అంటే ఇద్దరం బీపీ మాత్రలు వేళకు మింగుతున్నామని అర్థం. అక్కడ నువ్వు, అల్లుడుగారు, బన్నీ ఎలా ఉన్నారో నీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. కోపంగా ఉన్నప్పుడు కూడా క్షేమ సమాచారం రాయాలమ్మా, అది మర్యాద.

ఫోన్ చెయ్యొద్దన్నావు, చెయ్యడం లేదు. "నువ్వు మాట్లాడితే నేను ఓడిపోతాను నాన్నా, రాస్తే రెండుసార్లు చదువుకోవచ్చు" అని దసరా వెళ్ళిన మర్నాడు అన్నావు. ముప్ఫై నాలుగేళ్ళు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి, నా గురించి ఇంత సరైన మాట ఎవరూ అనలేదు. మొదట ఒళ్ళు మండింది. తర్వాత, సిగ్గులేకుండా చెబుతున్నాను, కాస్త గర్వంగా కూడా అనిపించింది.

మీ అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగావు. మెట్లు దిగడం మానేసింది. పాలు ఎవరు పోస్తున్నారన్నావు. ప్యాకెట్లే. చాంద్రాయణగుట్ట చౌరస్తా దగ్గర డెయిరీ బూత్ నుంచి నేనే తెస్తున్నాను. ఆ పాలతో కాఫీ తాగుతూ మీ అమ్మ రోజూ మొహం చిట్లిస్తుంది, నా వైపు చూసి మరీ చిట్లిస్తుంది.

నీ ఉత్తరం అడుగున బన్నీగాడు పెన్సిల్‌తో ఒక ముక్క రాశాడు చూశావా? "తాతయ్యా, వక్తృత్వ పోటీలో నేను మాట్లాడితే ఎవ్వరూ వినట్లేదు, చప్పట్లు కొట్టించే కిటుకు చెప్పు" అని. దాని కిందే నువ్వు ఎర్ర సిరాతో "దయచేసి నేర్పకు" అన్నావు. సరే, వాడికి నేర్పను. నీకు చెబుతాను. జరిగింది మొదటినుంచీ వరసగా రాయమన్నావుగా, ఆ కిటుకు చెప్పకుండా ఇది రాయడం కుదరదు.

పోయిన మే నెలలో ఆవకాయ పెట్టిన రోజు నీకు ఫోన్లో చెప్పాను గుర్తుందా? వెనక వీధి రుక్మాబాయి కొడుకు పింటూ ఎప్పటిలాగే వచ్చి కాయలు కొట్టి ఇచ్చాడు. ఇరవై ఏళ్ళుగా మనకి పాలు పోసిన ఇల్లు అది. మీ అమ్మ చేత్తో కారం కలిపేముందు ఉంగరం తీసింది, వాళ్ళమ్మ ఇచ్చిన రాళ్ళ ఉంగరం. సాయంత్రం చూసుకుంటే లేదు. బియ్యం డబ్బా, పప్పు డబ్బా, సింకు గొట్టం, చెత్తబుట్ట, అన్నీ వెతికాం. జాడీలు మాత్రం ముట్టలేదు. మడితో పెట్టిన ఆవకాయ, మూడో రోజు తిరగకలిపేదాకా మైలచేత్తో తాకితే బూజు పడుతుందని మీ అమ్మ జాడీలున్న గది తలుపే వేసేసింది.

ఆ రెండు రోజులూ నేనేం చేశాను? నోరు ఊరుకోలేదు. పింటూ ఒక్కడే వంటింట్లోకి వచ్చాడని పార్కులో అన్నాను, కిరాణా దగ్గర అన్నాను. కాలనీ సంఘం అధ్యక్షుడు వైకుంఠం చెవిన పడింది. ఇంటికొచ్చి కూర్చున్నాడు.

"సార్, గీ పోరల సంగతి మీకు తెల్వదు. ఇయ్యాల ఉంగరం, రేపు ఇంకోటి. బుధవారం కమ్యూనిటీ హాల్ల మీటింగ్ పెడత. మీరు మైకు పడితే సాలు, అందరు ఇంటరు," అన్నాడు.

అంతే, నాకు ఊపిరి వచ్చినట్టయింది. రిటైరైన తర్వాత నన్ను మైకు పట్టుకోమన్నవాడు లేడు. ఆ రాత్రంతా కూర్చుని ప్రసంగం రాసుకున్నాను. అద్దం ముందు చదువుకున్నాను. మీ అమ్మ వంటింట్లోంచి, "ఉంగరం పోయిన దాన్ని నేను, పెళ్ళికి పోతున్నట్టు మీ హడావుడేమిటి" అంది.

ఇప్పుడు కిటుకు. మొదట, నువ్వు చెప్పే విషయం కాదు, నువ్వెవరో వాళ్ళ మనసులో కూర్చోవాలి. నేను లేచి ఉంగరం ఊసే ఎత్తలేదు. "ఈ హాల్లో సగం మంది పిల్లలకి ఓనమాలు దిద్దించాను, ఎవరి దగ్గరా ఒక్క ట్యూషన్ ఫీజు అడగలేదు" అన్నాను. ఆ పింటూకి టెన్త్ తెలుగు నేనే చెప్పానన్నాను. "వాడు నా బిడ్డలాంటివాడు, అందుకే ఇక్కడ నిలబడడానికి నా కాళ్ళు వణుకుతున్నాయి" అన్నాను. వణకలేదు.

రెండోది, ముందు వరసలో ముసలమ్మలు ఎవరెవరున్నారో చూసుకోవాలి. వాళ్ళ కళ్ళు తడిస్తే వెనక వరసలు వాటంతటవే మెత్తబడతాయి. మీ అమ్మమ్మ ఆస్పత్రి మంచం మీద ఆ ఉంగరం తీసి మీ అమ్మ వేలికి తొడిగిన సంగతి చెప్పాను. తొడిగింది ఆస్పత్రిలో కాదు, మా పెళ్ళి పీటల మీద. ఆస్పత్రి అయితే బాగుంటుందనిపించింది. ఒక ముసలావిడ చెంగుతో ముక్కు తుడుచుకుంది. నేను గొంతు పూడుకుపోయినట్టు ఆగి, మంచినీళ్ళు తాగాను.

మూడోది లెక్కలాంటి తర్కం. ఆ రోజు ఇంట్లోకి వచ్చినవాడు ఒక్కడే. ఉంగరం తీసి పెట్టడం చూసినవాడు ఒక్కడే. అదే వారంలో పింటూ కాళ్ళకి కొత్త బూట్లు వచ్చాయి. కానిస్టేబుల్ పరీక్షకి పరుగు ప్రాక్టీసు చేస్తున్నాడు కదా, ఆ బూట్లు. "నేనేమీ అనను, మీరే ఆలోచించండి" అన్నాను. మనం దొంగ అంటే జనం సందేహిస్తారు. వాళ్ళంతట వాళ్ళే అనుకుంటే ఇక దేవుడు దిగొచ్చినా కదలరు.

పింటూ లేచి, "సార్, బూట్లు హరిప్రియక్క పంపింది. నేను తియ్యలే సార్, మా అమ్మ మీద ఒట్టు," అన్నాడు.

నేను నవ్వాను. "పెళ్ళయి విశాఖపట్నంలో కాపురం చేసుకుంటున్న పిల్ల పేరు కూడా దీంట్లోకి లాగాలా నాయనా" అన్నాను. హాలంతా నవ్వింది. ఎవడో ఈల కూడా వేశాడు.

బూట్ల సంగతి రెండు ఉత్తరాల్లో అడిగావు, నేను రెండుసార్లూ మాట దాటేశాను. ఆ పార్సిల్ మన ఇంటికే వచ్చింది. సంతకం చేసి తీసుకున్నది నేనే. నీ పేరు చూశాను, వాడికి అందించిందీ నేనే. నాకు తెలుసు.

ఇంకా అయిపోలేదు. రుక్మాబాయి మూలన, గోడకి ఆనుకుని నిలబడి ఉంది. కుర్చీ ఎవరూ ఇవ్వలేదు. అందరూ చూస్తుండగా ఆవిడ వైపు తిరిగి చేతులు జోడించాను. "అమ్మా, నీ కొడుకుని నేను దొంగ అనను. కన్నతల్లివి, నీకు తెలియనిది మాకు తెలియదు. వాడు తియ్యలేదని నువ్వంటే నేనీ క్షణమే క్షమాపణ చెప్పి కూర్చుంటాను" అన్నాను. ముందు రోజు రాత్రి రాసుకున్న వాక్యం అది. కాగితంలో దాని కింద రెండు గీతలు గీసుకున్నాను.

ఆవిడ కొడుకుని చాలాసేపు చూసింది. తర్వాత వెళ్ళి చెంప మీద కొట్టింది, ఒకసారి కాదు. "గంత పెద్దసారు నీకు అక్షరం ముక్క నేర్పిండు. ఆయన ఏలెత్తి సూపకుండ గూడ ఏడుస్తుండు. ఏం సేసినవురా? ఇగ నా గడప తొక్కకు," అంది.

"అమ్మా, నువ్వన్న నమ్మే," అన్నాడు వాడు. అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి. వైకుంఠం నాకు శాలువా కప్పాడు. పింటూ ఆ రాత్రే ఊరు విడిచాడు. కానిస్టేబుల్ పరుగు పరీక్ష తొమ్మిది రోజుల్లో ఉంది.

ఇదంతా నీకు పింటూ చెప్పే ఉంటాడు. భివండీలో మగ్గం మీద పనిచేస్తున్నాడని, అమ్మ ఒక్కసారి పిలిస్తే చాలు వస్తానన్నాడని నువ్వే రాశావు. ఇక వాడికి తెలియనిది, నీకు తెలియనిది, మీ అమ్మకి పోయిన వారం దాకా తెలియనిది ఒకటుంది.

దసరాకి వచ్చినప్పుడు నా కళ్ళజోడు పెట్టెలో ఉంగరం నీ కంటపడింది. అడిగితే, మీటింగయిన నాలుగు నెలలకి రెండో జాడీ తెరిచినప్పుడు దొరికిందన్నాను. మీ అమ్మకి చెప్పే ధైర్యం లేక దాచానన్నాను. నువ్వు ఏడ్చావు గాని నమ్మావు. అబద్ధం, ప్రియా. ఆవకాయ మూడో రోజు తిరగకలిపేది ఏటా నేనే అని నీకు తెలుసు. ఆ బుధవారం పొద్దున పది గంటలకి తలస్నానం చేసి, తడిపంచెతో జాడీ ముందు కూర్చుని వాసెన గుడ్డ విప్పాను. గుడ్డ కొసన చిన్న ముడి. మీ అమ్మ కారంలో చెయ్యి పెట్టేముందు ఉంగరం ఆ కొసన ముడేసి పెట్టి మరిచిపోయింది. అదే గుడ్డ తీసి జాడీకి కట్టింది నేను. ముడి విప్పితే ఉంగరం నా చేతిలో పడింది. మీటింగు సాయంత్రం ఆరింటికి.

ఎనిమిది గంటల టైముంది. రుక్మాబాయి కొట్టం మన పెరటి గోడ పక్కనే, కేకేస్తే వినిపిస్తుంది. పింటూ అప్పుడు గేదెల్ని కడుగుతున్నాడు, నీళ్ళ చప్పుడు వినపడుతోంది కూడా.

ఎందుకు చెప్పలేదంటావు. నన్ను నేనూ చాలాసార్లు అడిగాను. ఊరంతా చాటింపు వేసి, చివరికి ఉంగరాన్ని నేనే ఆవకాయ జాడీకి కట్టేశానని చెబితే నవ్వుతారని భయమా? అదీ ఉంది. కానీ నీ దగ్గర ఇక దాచను. ప్రసంగం బాగా వచ్చింది. అంత బాగా నా జీవితంలో ఏదీ రాయలేదు. దాన్ని చింపెయ్యడానికి చేతులు రాలేదు. ఉంగరం కళ్ళజోడు పెట్టెలో వేసి, ఆవకాయ తిరగకలిపి, ఉప్పు చూసి, సరిపోయిందని మీ అమ్మతో చెప్పాను.

అందరికీ నిజం చెప్పమన్నావుగా, ఇప్పుడు అది చేశానా లేదా రాస్తాను. చేశాను. ముందు మీ అమ్మకి చెప్పాను. ఆవిడ ఉంగరం తీసుకుని, "మీ చేత్తో తిరగకలిపిన ఆవకాయ ఏడాదంతా తిన్నాను" అంది. అప్పటినుంచి కంచం పెడుతుంది, మాట్లాడదు. పోయిన ఆదివారం కాలనీ వాళ్ళు ఉగాది కలయిక పెట్టుకున్నారు. మైకు తీసుకుని కాగితం లేకుండా చెప్పాను. ఉంగరం ఎక్కడ దొరికిందో, ఏ గంటకి దొరికిందో, బూట్లు ఎవరు పంపారో, అన్నీ. ఏ అలంకారం లేదు. ఏడవలేదు. నిజం తెలిసి ఒక పిల్లవాడి బతుకు తొక్కేశానన్నాను.

తర్వాత వైకుంఠం లేచాడు. "సూసిన్రా సారు మనసు? ఆ పోరడు చేసిన తప్పు తన నెత్తిన ఏసుకుంటున్నడు, ఆ తల్లికి ఇజ్జత్ దక్కాలని. గిసోంటోళ్ళు యాడ దొరుకుతరు," అన్నాడు. చప్పట్లు కొట్టారు, పోయినసారి కంటే ఎక్కువ. కాదయ్యా, నిజంగా చేశానని మళ్ళీ చెప్పబోతే ఎవరో కళ్ళు తుడుచుకుంటూ నా కాళ్ళకి దండం పెట్టారు. మళ్ళీ శాలువా కప్పారు.

అక్కడినుంచి నేరుగా రుక్మాబాయి ఇంటికి వెళ్ళాను. ఆవిడ గడ్డి కోస్తోంది. పాతికేళ్ళు పెద్దదైనట్టు ఉంది. ఉంగరం చూపించాను. చెప్పాను. మీ అమ్మ మీద, నీ మీద, బన్నీ మీద ఒట్టేశాను. పింటూ ఫోన్ నంబరు కాగితం మీద రాసి ముందు పెట్టాను. ఒక్కసారి పిలువమ్మా, వచ్చేస్తాడు అన్నాను.

ఆవిడ చేతులు తుడుచుకుని ఉంగరం వెలుతురుకి పట్టి చూసింది. "కొత్తది సేపిచ్చిన్రా సారూ? అచ్చం గట్లనే ఉన్నది," అంది.

"పాతదే రుక్మాబాయీ, అదే ఇది," అన్నాను.

"నా కోసం గింత ఫికర్ ఎందుకు సారూ మీకు. గా దినం హాల్ల మీరు మాట్లాడంగ నేను విన్న. అబద్ధం చెప్పెటోని గొంతు గట్ల ఉండదు. ఇయ్యాల చెప్తున్నరే, గిది అబద్ధం. మీకు అబద్ధమాడ రాదు, మాట తడబడుతున్నది," అంది. తర్వాత, "నా కొడుకు దొంగ. నా కండ్ల ముందల ఒప్పుకున్నట్టే తల దించిండు. నేను పిలువ," అని గడ్డి కోసుకోవడం మొదలుపెట్టింది. నంబరు రాసిన కాగితం గేదె ముందున్న తొట్లో పడింది, ఆవిడ తియ్యలేదు.

ఇంకో గంట కూర్చున్నాను. నాకు తెలిసిన ప్రతి విద్యా వాడాను. ఏడ్చాను, ఈసారి నిజంగానే. ఆవిడ నాకు చెంబుతో పాలు ఇచ్చి, "తాగుండ్రి సారూ, మీరు మంచోళ్ళు," అంది.

ఇంటికి నడిచొస్తూ ఏమనిపించిందో కూడా రాస్తాను, నన్ను అసహ్యించుకో. బాధ తర్వాత వచ్చింది. ముందు, ఒక్క క్షణం, సంతోషం వేసింది. పదకొండు నెలలైనా నా ప్రసంగంలో ఒక్క ఇటుక కదల్లేదని.

పింటూకి నువ్వే ఫోన్ చెయ్యి. వాళ్ళమ్మ పిలవలేదని చెప్పు. నన్ను మాత్రం వాడితో మాట్లాడమని రాయకు. నేను పది నిమిషాలు మాట్లాడితే, ఆ ఉంగరం తనే తీశానని వాడు కూడా ఒప్పుకుంటాడు.

ఇట్లు,
నీ తండ్రి అనిపించుకునే అర్హత నీ ఇష్టానికి వదిలి,
సుందరరామయ్య.