యాదలక్ష్మి చేతి వంట

మహబూబ్‌నగర్,
7 నవంబర్ 2022

ప్రియమైన గ్లోరీకి,

ఫోన్లో అడగలేక రాస్తున్నాను. హాస్టల్లో పక్కపక్క మంచాల మీద పడుకొని కూడా చీటీలు రాసుకున్నవాళ్లం కదా, నవ్వకు.

అవ్వ సంగతి నీకు తెలిసిందే. గొర్లదొడ్డిలో జారి పడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్‌కు గుండె తట్టుకోదని, నల్లగొండ దవాఖానలో కాలికి బరువు కట్టి పడుకోబెట్టారు. ఆరు వారాలట. నాయిన గొర్లను వదిలి ఉండలేడు, రెండు రోజులకోసారి వచ్చిపోతాడు. నాది కొత్త ఉద్యోగం, సెలవు దొరకదు. తల్లి లేని నన్ను పెంచింది అవ్వే. మీ ఇల్లు దవాఖాన వెనక గల్లీలోనే ఉంది. రెండు పూటలా ఇంత వండి పెట్టగలవా? నూనె, ఉప్పు తక్కువ ఉండాలన్నారు.

అందుకే బస్సు పార్సిల్లో ఒక లోతు పెనం పంపుతున్నాను. మీ ఇంట్లో ఆ నాన్‌స్టిక్‌ది చూశాను, నల్ల పొర రేకులు రేకులుగా లేచి కూరలో పడుతోంది. అది పారెయ్. ఇది సెరామిక్‌ది. మన పింగాణి లాంటిదే అనుకో, తెల్లగా, నున్నగా ఉంటుంది. చుక్క నూనె చాలు. సన్న మంట మీదే వండాలి. స్టీలు గంటె తగలొద్దు, కట్టె గంటె కూడా పెట్టాను. వేడిగా ఉన్నప్పుడు చల్లనీళ్లు మాత్రం పోయకు, పొర చెడిపోతుంది.

ఇంకొక్క మాట. ఇది రాయడానికి మూడు కాగితాలు చింపాను. వండేది నువ్వని అవ్వకు చెప్పకు. మీ గల్లీలో మా కులపామె యాదలక్ష్మి అని ఒకామె ఉందనీ, ఆమె వండుతుందనీ, నువ్వు తెచ్చిస్తున్నావనీ చెప్పు. అవ్వ పాతకాలపు మనిషి. తెలిస్తే ముద్ద ముట్టదు, తినకపోతే బతకదు. నాకు అలాంటి పట్టింపులు లేవని నీకు తెలుసు. నా కోసం ఈ ఒక్కటి చెయ్.

సిగ్గుపడుతూ,
నీ మల్లిక


నల్లగొండ,
14 నవంబర్ 2022

ప్రియమైన మల్లికా,

పెనం అందింది. రెండు రోజులు పెట్టె విప్పలేదు. పని ఎక్కువై కాదు. నువ్వు రాసిన 'పింగాణి' అన్న మాట దగ్గర ఆగిపోయాను. మీ ఇంటి చూరులో నీలంపువ్వు పింగాణి కప్పు ఒకటి ఉండేది, నీకు గుర్తుందో లేదో. మీ గొర్లదొడ్డి ఊడ్చడానికి అమ్మ వచ్చినప్పుడు, వెంట నేనొచ్చినప్పుడు, అవ్వ చాయ్ పోసేది అందులోనే. తాగి, కడిగి, మళ్లీ చూరులో మేమే బోర్లించాలి. మూడో రోజు పెట్టె విప్పాను. ఆకలితో ఉన్న ముసలమ్మ మీద కప్పు కోపం చూపిస్తే నాకేం వస్తుంది.

అవ్వ తింటోంది, ఫికర్ పడకు. మొదట కోడిగుడ్డు పొరుటు చేశాను. నువ్వన్నది నిజమే, చుక్క నూనెకే గుడ్డు ఎక్కడా అంటకుండా జారింది. మా ఆయన బెంజమిన్ పొయ్యి దగ్గర నిలబడి, "గిది వంటనా, సర్కసా?" అన్నాడు. పెసరట్టు, మెత్తని తోటకూర, టమాట చారు అన్నీ బాగా వస్తున్నాయి. జొన్నరొట్టె మాత్రం రాలేదు. సన్న మంట మీద కాలేసరికి అట్టలా ఎండిపోయింది. రొట్టెకు మా అమ్మ ఇనుప పెనమే దిక్కు.

ఇక నీ యాదలక్ష్మి. "ఎవలు వండిన్రు పిల్లా?" అని అడిగింది అవ్వ. పేరు చెప్పాను. "ఏ యాదలక్ష్మి? ఎవలి కోడలు?" అంది. మీవాళ్లకు ఉత్త పేరు చాలదు, అత్తగారి ఊరుతో సహా కావాలి. నోటికొచ్చినట్టు చిట్యాల కురుమయ్య కోడలు అనేశాను. అవ్వ నన్నొకసారి చూసి, మళ్లీ మాట్లాడకుండా తిన్నది. రేపు ఆ కురుమయ్యను పిలుచుకు రమ్మంటే ఎక్కడినుంచి తేవాలో నువ్వే చెప్పు.

డబ్బా మోసే మనిషి,
గ్లోరీ


మహబూబ్‌నగర్,
19 నవంబర్ 2022

ప్రియమైన గ్లోరీకి,

నీ ఉత్తరం చదివి కురుమయ్య దగ్గర నవ్వాను, కప్పు దగ్గర ఏడ్చాను. గుర్తుంది. చిన్నదాన్ని, ఏమనగలను అప్పుడు?

నిన్న నాయిన ఫోన్లో అవ్వతో మాట్లాడించాడు. "యాదలక్ష్మి చెయ్యి మంచిగున్నది బిడ్డా. దాని కడుపు సల్లగుండ. ఒక్కపారి తీస్కరమ్మను, సూస్త" అంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేదని చెప్పు. ఇంకొన్నాళ్లు ఇలాగే నెట్టుకురా. అవ్వ లేచి కూర్చుంటే నాకంతే చాలు.

పెనాన్ని మెత్తని బట్టతోనే తోముతున్నావు కదా? పీచు తగిలితే గీతలు పడతాయి.

వచ్చే శనివారం వస్తున్నాను. అవ్వను చూసి, నీ దగ్గర ఒక గంట కూర్చొని పోతాను. శనివారం నాకు ఒక్కపొద్దు, నా కోసం ఏమీ వండకు.

నీ రుణం మోస్తూ,
మల్లిక


నల్లగొండ,
4 డిసెంబర్ 2022

ప్రియమైన మల్లికా,

నువ్వు వచ్చిపోయి వారం దాటింది. గంటసేపు మా ఇంట్లో కూర్చొని, నీ సీసాలో నీళ్లే తాగిపోయావు. ఒక్కపొద్దుకు నీళ్లు కూడా అడ్డమని నాకు తెలియదు. సరే, పోనీ.

పెనం మొదట్లో ఉన్నట్టు లేదు. నడుమ పసుపు మరక దిగింది, ఎంత తుడిచినా పోవడం లేదు. గుడ్డు అంచుల దగ్గర జారుతుంది, నడుమ పట్టుకుంటుంది. రోజుకు రెండు మూడు సార్లు పొయ్యెక్కితే ఏదైనా అంతేనేమో. స్టీలు గంటె తగలనివ్వలేదు, ఒట్టు.

అవ్వ కూడా మొదట్లో ఉన్నట్టు లేదు. రెండు ముద్దలకే చాలంటోంది. వీపంతా పుండ్లు పడ్డాయి, దగ్గు ఆగడం లేదు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు. నిన్న నా చెయ్యి పట్టుకొని, "తపాలచెక్క తినబుద్దయితాంది. యాదలక్ష్మికి చెప్పు బిడ్డా" అంది. నూనె ఎక్కువ పడుతుంది కదా అని డాక్టరును అడిగాను. ఏది అడిగితే అది పెట్టమన్నాడు. మొన్నటిదాకా చెంచాతో ఉప్పు కొలిచిన మనిషి ఆ మాటన్నాడు. నాకు భయమేసింది.

సెలవు దొరక్కపోయినా రా. శనివారం దాకా ఆగకు.

ఎదురుచూస్తూ,
గ్లోరీ


మహబూబ్‌నగర్,
27 డిసెంబర్ 2022

ప్రియమైన గ్లోరీకి,

అవ్వ పోయి నేటికి పందొమ్మిది రోజులు. నేను వచ్చేసరికే మాట పడిపోయింది. కళ్లు తెరిచి చూసింది కానీ, నన్ను గుర్తుపట్టిందో లేదో ఇప్పటికీ తెలియదు. నీ ఉత్తరం అందిన రోజే బయల్దేరాల్సింది. అప్పుడు సెలవివ్వని మా ఆఫీసు పెద్దసారు ఇప్పుడు ఎన్ని రోజులైనా సెలవు తీసుకోమంటున్నాడు.

పదకొండో దినం నాడు నువ్వు మా వాకిట్లో నిలబడి, నాయినతో రెండు మాటలు మాట్లాడి వెళ్లిపోయావు. నేను బయటికి వచ్చేలోపే ఆటో ఎక్కావు. తినకుండా పోయావని నాయిన బాధపడ్డాడు.

రెండు సంగతులు అడుగుతాను. అవ్వ ఆఖరున తపాలచెక్క తిన్నదా? ఏమన్నా అన్నదా? ఇంకోటి, ఆ పెనం నాకు పంపు. అవ్వ చివరి మెతుకులు ఉడికింది అందులోనే. వండుకోను, దాచుకుంటాను. యాదలక్ష్మి సంగతి తెలియకుండానే అవ్వ పోయింది, నాకు అదొక్కటే నెమ్మది. ఆ పుణ్యం నీదే.

దిక్కులేని,
మల్లిక


నల్లగొండ,
2 జనవరి 2023

ప్రియమైన మల్లికా,

తిన్నది. నువ్వు అడిగావు కాబట్టి అంతా రాస్తాను. చెప్పొద్దని మాటిచ్చాను, తప్పుతున్నాను.

నీకు ఉత్తరం వేసిన మర్నాడే తపాలచెక్క చేశాను. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానబెట్టిన శనగపప్పు వేసి, మా అమ్మ చేసినట్టే అనిపకాయ తురిమి కలిపాను. నీ పెనంలో ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, నూనె పోసి, మూత పెట్టాను. మొదటిది ఎర్రగా కాలి దానంతటదే ఊడివచ్చింది. రెండోది ఒత్తాలంటే పెనం చల్లారాలి కదా. మా అమ్మ గిన్నెను నల్లా కింద పెట్టేది. నువ్వు రాసింది నాకు గుర్తే, కానీ చేతికి గుర్తులేదు. నేనూ నల్లా కింద పెట్టాను. సుయ్యిమంది. తెల్ల పొర మీద వెంట్రుకల్లాంటి సన్న పగుళ్లు వచ్చాయి. రెండోది పూర్తిగా అంటుకుపోతే గోకి తీశాను.

రెండూ తీసుకెళ్లాను. అవ్వ ఒక ముక్క నోట్లో వేసుకొని చాలాసేపు చప్పరించింది. "అనిపకాయ ఏసినవు" అంది. వేసినవు అంది, వేసింది అనలేదు.

"గిది యాదలక్ష్మి చెయ్యి గాదు. బాలనర్సమ్మ చెయ్యి" అంది. మా అమ్మ పేరు అవ్వ నోట వినడం నాకు అదే మొదటిసారి. ఎప్పుడూ 'ఓ పిల్లా' అనే పిలిచేది.

"ఎప్పటిసంది ఎరుక అవ్వా?" అని అడిగాను.

"కురుమయ్య కోడలన్ననాడే. మా అక్కనిచ్చింది చిట్యాలకే. ఆడ మావోల్ల ఇండ్లన్ని నాకెరుకే, గా పేరోడు లేడు."

"మరెట్ల తిన్నవు?"

"ఆకలైంది బిడ్డా."

తర్వాత తనే చెప్పింది. దగ్గుతూ, ఆగుతూ చెప్పింది. "మల్లిక ఇంక పుట్టలే. కరువు. మొగోల్లు గొర్లను కొట్టుకొని కిష్ణ ఒడ్డుకు పోయిన్రు. నేను జరంతోని పడున్న. మావోల్లు ఒక్కలు తొంగి సూడలే. నీ తల్లి ఎనుక దర్వాజకెళ్లి అయిదొద్దులు గిదే తెచ్చి పెట్టింది. పిండి సాలక అనిపకాయ ఎక్కువేసేది."

మా అమ్మ ఈ సంగతి మాకెప్పుడూ చెప్పలేదు.

"లేసి తిరుగుతుంటే భయమైంది. వాడకట్టుల ఎవలన్న అడిగితే ఏం జెప్పాలె? గందుకే అంగడికి పోయి పింగాణి కప్పు కొనుకొచ్చి నీ తల్లికని చూర్ల పెట్టిన. పాపం, ఏమనలే. తాగింది, కడిగింది, పెట్టింది." ఇంకో ముక్క కావాలంది. గోకి తీసిన మాడు ముక్క పెట్టాను. అది తిని, నీళ్లు తాగి, నా చెయ్యి పట్టుకుంది. "మా మల్లికకు చెప్పకు బిడ్డా. నేను తిన్ననంటే దాని మనసు ఖరాబైతది" అంది. ఆ తర్వాత అవ్వ మళ్లీ ఏమీ తినలేదు.

అవ్వకు చెప్పొద్దని నువ్వన్నావు, నీకు చెప్పొద్దని అవ్వ అంది. నీకు పట్టింపు లేదు, ఆమెకు ఉందన్నావు. ఆమె కూడా అదే అంది, నీకు ఉందని. మీ ఇద్దరి నడుమ నాలుగు వారాలు డబ్బా పట్టుకొని తిరిగాను. పదకొండో దినం నాడు మీ వాకిట్లో బంతి వేస్తున్నారు. నన్ను ఎక్కడ కూర్చోబెడతారో చూడాలని అనిపించలేదు, అందుకే వెళ్లిపోయాను. నాకు కోపంగా ఉంది మల్లికా. అవ్వ మీద ఉంది, నీ మీద ఇంకా ఎక్కువ ఉంది. అవ్వ కనీసం తిన్నది.

పెనం పంపను. అది ఇక్కడే ఉంది, పారెయ్యలేదు. ఇప్పుడు ఏది వేసినా అంటుకుంటుంది. కావాలంటే వచ్చి తీసుకో. అనిపకాయ తురిమి తపాలచెక్క చేస్తాను, అడుగంటితే గోకి పెడతాను. హాస్టల్లో నా కంచంలో తిన్నదానివి, అప్పుడు నీకు ఏ వారమూ ఒక్కపొద్దు లేదు. మీ నాయినకు చెప్పి రా, ఎక్కడికి పోతున్నావో, ఏం తినడానికి పోతున్నావో చెప్పే రా. ఏ రోజైనా సరే.

శనివారం మాత్రం రాకు.

వండిన మనిషి,
గ్లోరీ