గాలిమరల కింది నేల

సుబేదారి, హనుమకొండ
సెప్టెంబర్ 9

ప్రేమగల నాయినకు,

నీ బిడ్డ ప్రసన్న రాస్తాంది. ఫోన్ల నీకు సరిగ వినపడది, ఇది గట్టిగ అరిచి చెప్పే ముచ్చట కాదు. అందుకే కాయితం పట్టిన.

నా పనేందో నీకెన్నడు సరిగ చెప్పలే. రఘునాథపల్లి అవతలి గుట్ట మీద నమూనాకు పెట్టిన రెండు గాలిమరల కింద ఏడాదిసంది ప్రతి సోమవారం తిరిగిన. రెక్కలు తాకి సచ్చిన పిట్టలను, గబ్బిలాలను వెతికి లెక్క రాసుడే నా నౌకరి. ఇంకో నలభై గాలిమరలు ఎట్ల పెట్టాల్నో ఆ లెక్క మీదనే తేలుతది. ఎక్కువ సచ్చినయంటే వానకాలం పొద్దుగూకినంక వాటిని ఆపాలె, గుట్ట పక్కనున్న గబ్బిలాల గుహ దిక్కు అసలే పెట్టొద్దు. ఏడాదంతా కలిపి నాకు దొరికినయి మూడు. గుహల వేలకు వేలున్నయి, నేల మీద మూడేనా? నా కండ్లే మంచిగ లేవా అని ఒకటే గుబులు. మా శ్రీకాంత్ సార్ మాత్రం ఖుషీగున్నడు. 'నష్టం తక్కువ' అని రిపోర్టు తయారు చేసిండు. నిన్న సంతకం పెట్టిన.

వాచ్‌మన్‌గ నువ్వక్కడనే ఉంటవు, నిన్నడిగితే అయిపోతుండె. కాని నువ్వు నా తండ్రివని ఆఫీసుల దాచిన గద. తెలిస్తే ఇద్దరి నౌకర్లు పోతయని. గేటు కాడ ఎండల నిలబడి నువ్వు మేడం అని సలాం కొడితే, తలకాయ ఊపి పోయిన. సిగ్గయితాంది నాయినా. ఇప్పుడడుగుతాన, నువ్వేమన్న చూసినవా?

నీ ప్రసన్న

గుట్ట మీద
సెప్టెంబర్ 13

బిడ్డా ప్రసన్నా,

నీ ఉత్తరం చదివిన. చూసుడు కాదు తల్లీ, నేనే తీసిన. ముప్పై ఏండ్లు మిషన్ హాస్టల్ల అటెండరు పని చేసినోన్ని. తనిఖీకి వచ్చేటోళ్లకు చెత్త కనబడితే వార్డెనమ్మకు మాట వచ్చేది. గదే అలవాటు. సోమవారం నా బిడ్డ వత్తాంది, ఆ జాగకు అదే పెద్ద అనుకున్న, సచ్చినయి కనబడితే దానికేం మాట వస్తదో అని పొద్దుగాల్నే ఊడ్చేది. వానకాలం గబ్బిలాలు గంపకెత్తంగ పడేటియి. ఒకపారి పెద్ద గద్ద, రెక్క తెగి ఇంక కొట్టుకుంటనే ఉండె. అన్నిటిని గుట్టెనుక గుంతల పూడ్చిన, పారేయ మనసొప్పలే. ఏం దొరకలేదని నువ్వు పోతాంటే మంచిగయిందనుకున్న. నువ్వు వెతికేది వాటినేనని ఒక్క మాట చెప్పకపోతివి. మేడంను నేనెట్ల అడుగుత?

ఈ కాయితం మీ సార్‌కు చూపెట్టు. నా నౌకరి ఫికర్ చెయ్యకు.

నిన్ను ఎత్తుకుని పెంచిన
ప్రభుదాసు

సుబేదారి
అక్టోబర్ 20

నాయినా,

ముందుగాల్ల నీ మీద మస్తు కోపమొచ్చింది, దాయను. రెండు దినాలకు అది నా మీదికే తిరిగింది. నీ ఉత్తరం సార్ ముంగట పెట్టి, గుంత తవ్వుదాం, లెక్క మార్చుదాం అన్న. "గాలిమర తాకే సచ్చినయని ఎముకలు చెప్తయా? వాచ్‌మన్ మాట డేటా కాదు. అందుల నీ తండ్రాయె. ఏడాది పొడుగు దాచినవు, ఇప్పుడు నిన్నెవరు నమ్ముతరు?" అన్నడు. పై ఆఫీసుల దరఖాస్తు ఇస్తే, అందిందని ఠప్పా కొట్టి పక్కకు పెట్టిండ్లు.

నన్ను తీసేసిండ్లు. నీకు ఈ నెలాఖరు దాక టైమిచ్చిండ్లు. సామాను సర్దుకో, ఆదివారం వచ్చి తీసుకపోత. నలభై గాలిమరలకు మంజూరు వచ్చింది. గుహ దిక్కే పదకొండు.

రిపోర్టుల ఒక పేజీ కొత్తగ కలిపిండ్లు, నష్టం తగ్గించే చర్యలని. నువ్వు రాసింది చదివినంకనే సార్ అది రాసిండు. వానకాలం ఆపుమని అందుల లేదు. ఉన్నది ఒకటే చర్య: "సచ్చిన జీవాల కోసం గద్దలు రాకుండ, ప్రతి రోజు తెల్లారంగనే వాచ్‌మన్ గాలిమరల కింది నేలను శుభ్రం చేయవలెను." నీ జాగల వచ్చే మనిషికి ఇగ అదే డ్యూటీ. నా మీది ప్రేమతోని నువ్వు చేసింది వాళ్లకు రూలయింది. నా పేరు తీసెయ్యుమని మూడుసార్లు అడిగిన. తియ్యలే. ఆ పేజీ కింద కూడ, నేను ముందు పెట్టిన సంతకాన్నే దించిండ్లు.

నీ బిడ్డ
ప్రసన్న